అటక మీది అతిథులు

శ్రోతలకు నమస్కారం.

ఆగస్టు నెలలో బ్రిటన్‌లో పొద్దుగూకాక కాలువ గట్ల మీద టార్చిలు పట్టుకుని నడిచే మనుషులు కనిపిస్తారు. వాళ్లు గబ్బిలాలను లెక్కపెట్టడానికి వచ్చిన మామూలు పౌరులు. కిలోమీటరు దారిలో 10 చోట్ల ఆగుతారు. ఒక్కోచోట 4 నిమిషాలు నిలబడి, నీటిని రాసుకుంటూ పోయే డాబెంటన్ గబ్బిలాలు ఎన్నిసార్లు ఎదురుగా దాటాయో రాసుకుంటారు. వాటి కూత మన చెవికి అందదు. చేతిలోని చిన్న పరికరం దాన్ని టకటకమనే చప్పుడుగా మార్చి వినిపిస్తుంది.

గబ్బిలాల సంరక్షణ కోసం పనిచేసే బ్యాట్ కన్జర్వేషన్ ట్రస్ట్ అనే సంస్థ 1996 నుంచి ఇలాంటి లెక్కలు సేకరిస్తోంది. ఒక్క రాత్రి లెక్కతో తెలిసేది తక్కువ. ఏటా అదే చోట, అదే కాలంలో చూస్తేనే ఏ జాతి తగ్గుతోందో బయటపడుతుంది. ఆడ గబ్బిలం సాధారణంగా ఏడాదికి ఒక్క పిల్లనే కంటుంది. అందుకే ఒకసారి సంఖ్య పడిపోతే కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. జీతాలిచ్చి ఇన్ని చోట్ల, ఇన్నేళ్లు లెక్కపెట్టించడం ఏ ప్రభుత్వానికైనా భారమే.

నా దృష్టిలో వీళ్లు చేసే మరో పని ఇంకా గొప్పది. అటక మీద గబ్బిలాలు చేరాయంటే ఎవరికైనా కంగారే. 1981 నాటి చట్టం వాటికి రక్షణ కల్పించింది కాబట్టి తరిమేయడానికి వీల్లేదు. ఇంగ్లండ్‌లో ఆ ఇంటివాళ్లు ఈ ట్రస్టుకు ఫోను చేస్తే, శిక్షణ పొందిన స్వచ్ఛంద కార్యకర్త వచ్చి ఉచితంగా సలహా చెబుతారు. అటకెక్కి, అక్కడ పడి ఉన్న పెంటికలను చూస్తారు. నలిపితే ఎలుకది గట్టిగా ఉంటుంది. గబ్బిలానిది పొడిపొడిగా రాలిపోతుంది, అందులో పురుగుల రెక్కల తునకలు మెరుస్తాయి. దూలాలనూ కరెంటు తీగలనూ కొరకడం ఎలుకల పని, గబ్బిలాలకు ఆ అలవాటు లేదు. ఈ మాట ఇంట్లో కూర్చుని, ఓపిగ్గా, ఎదుటి మనిషి భయం తగ్గేదాకా చెప్పాలి. పైకప్పు మరమ్మతు ఉంటే, పిల్లలు ఎగరడం నేర్చి గుంపు వెళ్లిపోయేదాకా ఆగమంటారు. ఉత్త చేతులతో గబ్బిలాలను ముట్టుకోవద్దని కూడా హెచ్చరిస్తారు. కొన్నింటిలో రేబిస్ జాతి వైరస్ ఉండవచ్చు.

మన దేశంలో పండ్ల గబ్బిలాలు 2022లో చట్టాన్ని సవరించేదాకా కాకులు, ఎలుకలతో పాటు హానికర జంతువుల జాబితాలోనే ఉన్నాయి. ఊరి చింతచెట్టుకు వేలాడే గుంపు ఈ ఏడు పెరిగిందా, తగ్గిందా అంటే ఎవరైనా చెప్పగలరా? బ్రిటన్‌లో అటకల మీది గుంపుల లెక్క చాలాచోట్ల ఆ ఇంటివాళ్లే పంపుతారు. జూన్ సాయంత్రాల్లో పెరట్లో కూర్చుని, చూరు సందులోంచి ఒక్కొక్కటిగా బయటికి వచ్చేవాటిని లెక్కపెడతారు.