కార్న్ స్నేక్ కొత్త రంగుకు పేరు ఎప్పుడు పెట్టాలి?

మిత్రులందరికీ నమస్కారం.

మనం పెంచే కార్న్ స్నేక్ (విషం లేని అమెరికా పాము) గుడ్ల నుంచి ఎన్నడూ చూడని రంగు పిల్ల బయటికి వస్తే కలిగే సంబరం మీ అందరికీ తెలుసు. ఆ సంబరంలో వారం తిరక్కముందే ఫోటో, దాని కింద కొత్త పేరు, ఆ పేరు మీద ధర వచ్చేస్తున్నాయి. ఇది సరికాదు. పామును పెంచాలి, జత కట్టించాలి, పిల్లల్ని చూడాలి. పేరు ఆ తర్వాతి పని.

1953లో అమెరికాలోని నార్త్ కరోలినాలో నలుపన్నదే లేని కార్న్ స్నేక్ ఒకటి అడవిలో దొరికింది. బెర్నార్డ్ బెక్టెల్ అనే చర్మవైద్యుడు ఆ వంశాన్ని పెంచి, ఈ లక్షణం అంతర్గత జన్యువు (తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ వస్తేనే బయటపడేది) వల్ల వస్తుందని పిల్లల్ని బట్టి తేల్చాడు. మనం అమెల్ అంటున్నది దాన్నే. 2015లో జెనీవా శాస్త్రవేత్తలు దానికి కారణమైన మార్పును ఓసీఏ2 జన్యువులో గుర్తించారు. ఆ జన్యువు ఏదో తెలియడానికి అర్ధ శతాబ్దం ముందే జతకట్టించి చూసిన లెక్కలు సరైన దారి చూపించాయి. ఆ పరీక్ష ఇప్పటికీ మనందరి చేతిలో ఉంది.

పరీక్ష ఎందుకు అవసరమో చెప్తాను. అనెరీ, చార్‌కోల్ రెండూ ఎరుపు తగ్గిన బూడిద రంగు పాములే. ఒకప్పుడు వీటిని ఒకే రకంలో ఏ, బీ అని పిలిచేవారు. కానీ అనెరీని చార్‌కోల్‌తో కలిపితే పిల్లలన్నీ మామూలు రంగులో పుడతాయి. అంటే జన్యువులు వేరు. అందుకే ఒకే పాములో అమెల్‌కు అనెరీ తోడైతే దాన్ని స్నో అంటాం, చార్‌కోల్ తోడైతే బ్లిజార్డ్ అంటాం. రెండు పాములూ తెల్లగానే ఉంటాయి, లోపల ఉన్నది మాత్రం ఒకటి కాదు.

కాబట్టి కొత్త రంగు కనబడితే, దాన్ని పోలిన పాత మ్యుటేషన్లు (జన్యువులో మార్పు వల్ల వచ్చిన రంగులు) ఒక్కొక్కదానితో కలిపి చూడాలి. పిల్లలన్నీ మామూలుగా ఉంటే ఇది వేరే జన్యువు. పిల్లలన్నీ ఆ రంగులోనే వస్తే అది పాతదే, కొత్త పేరు అక్కర్లేదు. మూడో ఫలితమూ ఉంది, నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది అదే. నలుపును తగ్గించే అల్ట్రా అనే మ్యుటేషన్‌ను అమెల్‌తో కలిపితే పిల్లలు మామూలుగా ఉండవు, అచ్చం అమెల్‌లాగానూ ఉండవు. అల్ట్రాకూ అమెల్‌కూ మధ్యగా ఉంటాయి. రెండూ ఒకే జన్యువుకు వేర్వేరు రూపాలు కాబట్టి అలా జరుగుతుంది. ఆ మధ్య రంగు పాముకే అల్ట్రామెల్ అని పేరు. కంటితో చూసి ఎవరూ ఊహించగలిగిన సంగతి కాదిది.

దీనికి ఓపిక కావాలి. రెండు హెట్‌లను (ఆ జన్యువు ఒక్క ప్రతే ఉండి, రంగు పైకి కనబడని పాములను) కలిపితే ప్రతి గుడ్డుకూ ఆ రంగు వచ్చే అవకాశం నాలుగో వంతు. రెండు జన్యువులు కలిసి రావాలంటే పదహారో వంతు. ఒక ఈతలో సాధారణంగా 10 నుంచి 30 గుడ్లు ఉంటాయి కాబట్టి మొదటిసారే కోరుకున్న పిల్ల రాకపోవచ్చు. పిల్లలు ఎదిగి మళ్లీ జత కట్టడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఈలోగా రంగు కూడా మారుతుంది. అనెరీకి వయసు వచ్చాక మెడ దగ్గర పసుపు తేలుతుంది. కారమెల్ అనే పసుపు ఛాయ రకం పిల్లలు చిన్నప్పుడు అనెరీ పిల్లల్లా కనబడతాయి. గుడ్డు పగిలిన వారానికే పెట్టిన పేరు ఏడాదికల్లా తప్పయ్యే ప్రమాదం ఉంది.

బ్లడ్ రెడ్ అనే రకం సంగతి అందరం గుర్తుంచుకోవాలి. ముదురు ఎరుపు కోసం తరాలుగా ఎంచి పెంచిన వంశం అది. పక్కల మచ్చలు చెదిరిపోయి, పొట్ట మీద గడులు లేకుండా చేసే జన్యువు కూడా అందులో ఉంది. బయటి పాములతో కలిపాక ఆ జన్యువున్న పిల్లలు అంత ఎర్రగా రాలేదు. చివరికి ఆ నమూనాకు డిఫ్యూజ్డ్ అని వేరే పేరు పెట్టుకోవలసి వచ్చింది. ఎంపికతో వచ్చిన రంగుకూ, ఒక్క జన్యువుతో వచ్చే లక్షణానికీ ఒకే పేరు పెట్టినందుకు వచ్చిన చిక్కు అది. ఎంపికతో సాధించిన రంగు తక్కువదని నేను అనను, దానికీ ఎన్నో తరాల శ్రమ ఉంది. కాండీ కేన్ అనే రకం అలాంటిదే. అది ఎంపిక వల్ల వచ్చిందని కొనేవాళ్లకు చెబితే చాలు.

సంకర జాతుల విషయంలో మాత్రం నేను కచ్చితంగా ఉంటాను. క్రీమ్‌సికిల్ అనే రకం అంటే అందులో గ్రేట్ ప్లెయిన్స్ రాట్ స్నేక్ అనే వేరే జాతి పాము రక్తం ఉందని తెలిసినవాళ్లకు తెలుసు. ఆ పాము పిల్లల్ని మరో అందమైన పేరుతో, వంశం చెప్పకుండా అమ్మితే కొన్నవాడి దగ్గర జాడ పోతుంది. ఆరోగ్యం సంగతీ అంతే. స్టార్‌గేజర్ అనే అంతర్గత జబ్బు ముందుగా సన్‌కిస్డ్ అనే మ్యుటేషన్ ఉన్న వంశాల్లో బయటపడింది. తల పైకి తిరిగిపోతుంది, పాము తిన్నగా పాకలేదు. హెట్‌గా ఉన్న పాములో ఏ తేడా కనబడదు. సన్‌కిస్డ్ ఉన్న పాముకు కొత్త పేరు పెట్టి ఆ మాట వదిలేస్తే, అడగాల్సిన ప్రశ్న కొనేవాడికి తట్టదు.

నా కోరిక ఇది. పరీక్షలు పూర్తయ్యేదాకా మీ కొత్త పామును ఒక నంబరుతోనో, దాని తల్లిదండ్రుల వివరాలతోనో పిలవండి. దేనితో కలిపారో, ఎన్ని గుడ్లు పొదిగాయో, ఏ రంగులో ఎన్ని వచ్చాయో రాసిపెట్టి, మామూలు రంగు పిల్లల లెక్కతో సహా అందరికీ చూపించండి. కొన్ని పిల్లల్ని మరొకరికి ఇచ్చి, వాళ్ల దగ్గరా అదే ఫలితం వస్తే అప్పుడు పేరు పెట్టండి. ఆ పేరు పెట్టే హక్కు మీదే.