నమ్ముకున్న కాలు

శ్రోతలకు నమస్కారం.

రెండేళ్ల వయసులో జ్వరం వచ్చి నా ఎడమకాలు పడిపోయింది. పోలియో అన్నారు. ఇప్పుడు నాకు 62 ఏళ్లు. మళ్లీ నడక వచ్చినప్పటి నుంచీ ఎడమ అరచేతిని తొడమీద అదిమిపెట్టే అడుగు వేస్తున్నాను. ఏ ప్యాంటు కుట్టించినా ముందు పలచబడేది అక్కడే. మా వారాసిగూడ టైలర్ నేను చెప్పకుండానే ఆ చోట లోపలివైపు ఇంకో గుడ్డ వేస్తాడు.

నాలుగేళ్లుగా, నేను నమ్ముకున్న కుడికాలు నీరసపడుతోంది. తార్నాక మెట్రో స్టేషన్‌లో లిఫ్ట్ ఉంది. ఫుట్‌పాత్ మీది బైకులు తప్పించుకుంటూ అక్కడికి చేరేసరికే పిక్క వణుకుతుంది. "వయసు మీద పడుతోంది, అంతే" అన్నారందరూ. నేనూ అలాగే అనుకున్నాను.

దీన్ని పోస్ట్ పోలియో సిండ్రోమ్ అంటారని ఒక డాక్టరమ్మ చెప్పారు. పోలియో తగ్గిన ముప్పై, నలభై ఏళ్లకు కూడా ఇది రావచ్చు. వైరస్ మళ్లీ రావడం కాదు, ఎవరికీ అంటుకోదు. అప్పట్లో వెన్నుపాములో కొన్ని నరాల కణాలు చచ్చిపోతే, మిగిలినవి కొత్త కొమ్మలు వేసి వాటి పని కూడా నెత్తినేసుకున్నాయి. ఒక్క సంపాదన మీద ఇల్లంతా బతికినట్టు. ఇన్నేళ్ల చాకిరీకి ఆ కొమ్మలు ఇప్పుడు ఒక్కొక్కటే ఎండిపోతున్నాయి. పోలియో తాకలేదనుకున్న కాలిలోనూ ఇలా జరగొచ్చట.

నువ్వుల నూనె రాస్తూ అమ్మ రోజూ ఒకటే చెప్పేది: "ఓర్చుకో నాన్నా, ఇంకొంచెం నడువు." ఆ మాట పట్టుకునే చదివాను, ఉద్యోగం చేశాను. డాక్టరమ్మేమో "అలసట రాకముందే కూర్చోండి" అన్నారు. అలిసేదాకా వాడితే కండరం ఇంకా దెబ్బతింటుంది. అలాగని మంచమెక్కినా నష్టమే. ఇన్నేళ్లూ వద్దన్న చేతికర్ర పట్టుకున్న రోజు, అమ్మకిచ్చిన మాట తప్పినట్టు ఏడ్చాను.

మన దేశంలో సహజంగా వ్యాపించే పోలియో వైరస్ వల్ల వచ్చిన చివరి కేసు 2011 జనవరిలో, హౌరాలో. ఆ జబ్బు పోయినందుకు నాకెంతో సంతోషం. కానీ అది వచ్చినవాళ్లం ఇంకా ఉన్నాం, ముసలివాళ్లమవుతున్నాం. మీ ఇంట్లో అలాంటి బాబాయో అత్తయ్యో "ఈమధ్య నడవలేకపోతున్నా" అంటే దయచేసి వయసని తోసెయ్యకండి. చిన్నప్పటి పోలియో సంగతి డాక్టరుకు చెప్పండి. ఆపరేషనైతే మత్తు ఇచ్చే డాక్టరుకు తప్పకుండా చెప్పాలి.

మొన్న ఆదివారం కూరగాయలకు వెళ్తూ సగం దారిలో కిరాణా కొట్టు దగ్గర ఆగి, "బాబూ, కాస్త స్టూలు వేస్తావా?" అని అడిగాను. నా జీవితంలో అలా అడగడం అదే మొదటిసారి. అతను స్టూలు తుడిచి వేసి, మంచినీళ్లు కూడా ఇచ్చాడు. పది నిమిషాలు కూర్చున్నాను. తర్వాత వెళ్లి టమాటాలు తెచ్చుకున్నాను.