వెయ్యికి మూడొందల ఇరవై అయిదు

శ్రోతలకు నమస్కారం.

2020 ఏప్రిల్ 1. ఒడిశాలోని మా గజపతి జిల్లాలో ఉత్కళ దివస్, అంటే రాష్ట్ర అవతరణ దినం. ఆ రోజే ఆంధ్రా బ్యాంకు, యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్నంలో పెట్టిన బ్యాంకు అది. పర్లాకిమిడిలో మా నాన్నగారికి అందులో 200 షేర్లుండేవి. తర్వాత షేర్ల లెక్క చూపే డీమ్యాట్ స్టేట్‌మెంటు వచ్చింది. నాన్నగారు అంకె మీద వేలు పెట్టి అడిగారు: "అరవై అయిదే ఉన్నాయేమ్మా. మిగతా నూట ముప్పై అయిదూ ఎటు పోయాయి?"

కంపెనీల విలీనాల మీద పరిశోధన చేసి, కాలేజీలో అదే పాఠం చెబుతున్నదాన్ని. లెక్క చెప్పాను: వెయ్యి ఆంధ్రా బ్యాంకు షేర్లకు 325 యూనియన్ బ్యాంకు షేర్లు. "మూడు కుంచాల చోళ్లిచ్చి కుంచెడు బియ్యం తెచ్చుకుంటే రెండు కుంచాలు పోయినట్టా నాన్నా?"

ఆయన ఆలోచించి, "సరే, ఆ చోళ్లకు ధర కట్టిందెవరు?" అన్నారు.

మా శాస్త్రంలో సగం ఆ ప్రశ్నే.

విలీనం కబురు వచ్చిన రోజు షేరు ఎంత కదిలింది, మొత్తం మార్కెట్ ఎంత కదిలింది, ఆ తేడా ఎంత అని చూస్తాం. ఫామా, ఫిషర్, జెన్సెన్, రోల్ అనే ఆర్థికవేత్తలు 1969లో నిలబెట్టిన పద్ధతి ఇది. వినడానికి సులువు. చేయబోతే తెలుస్తుంది. పది ప్రభుత్వ బ్యాంకుల్ని నాలుగు చేస్తామని ఆర్థిక మంత్రి చెప్పింది 2019 ఆగస్టు 30, శుక్రవారం. సోమవారం వినాయక చవితి, మార్కెట్‌కు సెలవు. మంగళవారం సెన్సెక్స్ 770 పాయింట్లు పడింది. విలీనం వల్లనా? అదే శుక్రవారం జీడీపీ వృద్ధి 5 శాతానికి దిగిందన్న లెక్క కూడా వచ్చింది. రెండు దెబ్బలూ ఒకే వీపు మీద పడ్డాయి. ఏ వాత ఏ దెబ్బదో విడదీయడానికి రాత్రుళ్లు కూర్చున్నాను.

కొనేవాళ్ల సంగతి వేరు. కోరస్ ఉక్కు కంపెనీకి టాటా స్టీల్ మొదట షేరుకు 455 పెన్నీలంది. బ్రెజిల్ కంపెనీ పోటీకి రావడంతో 2007లో వేలం పాట 608 దగ్గర ఆగింది. ఇలా పాట పెంచి మరీ కొనడం వెనక కొనేవాళ్ల అతివిశ్వాసం ఉంటుందని రిచర్డ్ రోల్ 1986లోనే రాశాడు. మన బ్యాంకుల విషయంలో పాటే లేదు. ఇటూ అటూ పెద్ద వాటా ప్రభుత్వానిదే. అందుకే నాన్నగారి ప్రశ్నను నేను ఇప్పటికీ వదల్లేదు.

ఈ ఏడు రాయగడ నుంచి ఒకమ్మాయి నా దగ్గర చేరింది. వాళ్ల ఊరి పక్క జేకే పేపర్ కంపెనీ, 2014లో మూతపడ్డ సిర్పూర్ కాగితం మిల్లును దివాలా చట్టం కింద 2018లో కొన్న తీరు మీద పని చేస్తానంది. సంబరపడ్డాను. ముందు తేదీలు రాయమ్మా అన్నాను. ఒక్కో తేదీ పక్కన, ఆ రోజు ఇంకేం కబుర్లు వచ్చాయో కూడా.