వారపత్రికల్లో పుట్టిన ఫిలిప్పీన్స్ కథ

అందరికీ నమస్కారం. ఫిలిప్పీన్స్ సాహిత్యం అనగానే ఎవరైనా నవలాకారుడు హోసే రిజాల్ దగ్గరే మొదలుపెడతారు, పెట్టాలి కూడా. 1887లో బెర్లిన్‌లో 'నోలి మె తాంగెరె' నవల అచ్చు వేయించడానికి ఆయన చేతిలో డబ్బు లేకపోతే, స్నేహితుడు మాక్సిమో వియోలా సర్దాడు. 1896 డిసెంబర్ 30న, అప్పట్లో ఆ దేశాన్ని ఏలుతున్న స్పెయిన్ ప్రభుత్వం మనీలాలో ఆయన్ని కాల్చి చంపింది. అయితే ఆ నవల స్పానిష్‌లో ఉంది, అది చదవగలిగినవాళ్లు ఆ దేశంలో కొద్దిమందే. మామూలు జనం డబ్బులిచ్చి కొనుక్కుని చదివిన సాహిత్యం మాత్రం, నా ఉద్దేశంలో, వారపత్రికల్లోనే పెరిగింది.

స్పెయిన్ పోయి అమెరికా పాలన వచ్చాక, 1901లో 'థామస్' ఓడ దిగిన అమెరికన్ టీచర్లు బళ్లలో ఇంగ్లీషు నేర్పారు, 1925 కల్లా పాజ్ మార్కెజ్ బెనితెజ్ 'డెడ్ స్టార్స్' లాంటి నిక్కమైన ఇంగ్లీషు కథ రాసేశారు. మనీలా చుట్టుపక్కల మాట్లాడే టాగాలోగ్ భాషలో 1922 నుంచి 'లివాయ్‌వాయ్' వారపత్రిక ఉండేది, సీరియళ్లు, కథలు, బొమ్మల కథలు. తర్వాత రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం వచ్చి ఇంగ్లీషును పక్కకి నెట్టేసరికి టాగాలోగ్ కథకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది (ఆక్రమణదారు వల్ల భాషకి మేలు జరగడం, ఏమనాలో!). 1943 కథల్లోంచి 25 ఏరి పుస్తకం వేస్తే, అందులో 19 ఏళ్ల లివాయ్‌వాయ్ ఆర్సియో కథ ఉంది. అవును, ఆవిడ పేరూ పత్రిక పేరూ ఒకటే. ఆ కథని కూతురు చెబుతుంది. తండ్రి మనసు ఇంకో ఆవిడ మీద ఉంటుంది, తల్లికి తెలుసు, నోరెత్తదు. చావుబతుకుల్లో ఆయన భార్యనే ఆ ఇంకో ఆవిడ అనుకుని మాట్లాడితే, ఆ తల్లి కాదనకుండా ఆవిడలాగే బదులిస్తుంది. అరుపులూ ఏడుపులూ ఏమీ ఉండవు, అంతే.

ఇక 1972లో అధ్యక్షుడు మార్కోస్ మార్షల్ లా (సైనిక పాలన) పెట్టాక పత్రికల నోరు మూతపడింది. మర్నాటి ఏడాది 'ఫోకస్' అనే ప్రభుత్వ అనుకూల పత్రికలో రూబెన్ క్యూవాస్ అనే పేరుతో ఒక ఇంగ్లీషు కవిత వచ్చింది, చూడ్డానికి గ్రీకు పురాణం గొడవ. పంక్తుల మొదటి అక్షరాలు పైనుంచి కిందకి చదివితే మాత్రం వీధుల్లో కుర్రాళ్లు అరిచిన నినాదమే, మార్కోస్ హిట్లర్, నియంత, తొత్తు అని! రాసింది కవి హోసే లకాబా. ఆయన్ని 1974లో వేరే కారణాలతో పట్టుకుని చిత్రహింసలు పెట్టారు. 1976లో రచయిత నిక్ హోకిన్‌కి జాతీయ కళాకారుడి బిరుదు ఇస్తామన్నప్పుడు హోకిన్ పెట్టిన షరతు ఒక్కటే, ముందు లకాబాని వదలండి అని. వదిలారు.