కొండమీది పాత చర్చికి సిమెంటు ఎందుకు వద్దంటే

(తెర మీద: పెచ్చులూడిన గోడ, దగ్గరగా)

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పాత చర్చి గోడ పెచ్చులూడితే ముందు వినపడే మాట, "సిమెంటు కొట్టించేద్దాం, వందేళ్ళుంటుంది." అయ్యా, ఆ గోడని తినేసేదే ఆ సిమెంటు!

లండన్ మిషనరీలు విశాఖపట్నం చేరింది 1805లో. మన దేశంలో సిమెంటు ఫ్యాక్టరీ పోర్‌బందర్‌లో నిలదొక్కుకున్నది 1914లో. ఆ మధ్యలో ఇటు లేచిన గోడలు ఎక్కువగా ఇటుకా, రాయీ, గానుగ సున్నమే.

మట్టికుండని తలుచుకోండి. లోపలి నీరు ఊరి బయటికొచ్చి గాలికి ఆరిపోతుంది. సున్నపు గోడా అంతే. వాన తాగుతుంది, ఎండకి వదిలేస్తుంది. ఇప్పుడా కుండకి ఆయిల్ పెయింటు వేయండి. చెమ్మ ఎటు పోతుంది? సిమెంటు కింద చిక్కుకున్న నీరు ఇటుకలోకే మళ్ళుతుంది. అందులోని ఉప్పు లోపలే గడ్డకట్టి ఇటుకని పిండి చేస్తుంది. పైకి గోడ నున్నగా కనిపిస్తూనే ఉంటుంది, అదే ప్రమాదం. 2018లో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ లాంటి తుపానులో వాన అడ్డంగా కొడుతుంది. కొండ మీద దానికి అడ్డేముంది? సిమెంటులో వెంట్రుకంత బీట చాలు, నీరు లోపలికి దూరిపోతుంది. సున్నం సన్న బీటల్ని తనే పూడ్చుకుంటుంది. ఇక్కడ మాత్రం కుండకన్నా గోడే నయం.

మరి సున్నపు గచ్చు, అంటే గోడ పూత, ఎలా? కాల్చిన సున్నపురాయిని నీళ్ళలో వేసి, పొంగి విరిగిపోయాక, పైన నీరు నిలిచేలా కనీసం మూడు వారాలు నాననివ్వండి. సున్నం ఒక పాలు, కడిగిన నాగావళి ఇసుక మూడు పాళ్ళు. చెమ్మ గోడైతే ఇసుక ఒక పాలు తగ్గించి ఇటుక పొడి కలపండి. సముద్రపు ఇసుక ముట్టుకోవద్దు, ఉప్పుని మనమే మోసుకెళ్ళినట్టు. పూత సెంటీమీటరు దాటకూడదు. సున్నం గాలి పీల్చుకుని మెల్లగా రాయవుతుంది, అందుకు నెమ్ము కావాలి. కొండగాలికి ఒక్కరోజులో ఆరితే పొడిపొడిగా రాలిపోతుంది. వారం పాటు తడి గోనెపట్టాలు కప్పండి. కార్తీకం దాటాక మొదలుపెడితే మేలు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. రావి మొలకని లేతగా ఉన్నప్పుడే వేరుతో తీయాలి. ముదిరితే లాగొద్దు, రాళ్ళు కదులుతాయి. ప్లాస్టిక్ పెయింటు వద్దు, పల్చటి సున్నం మూడు చేతులు చాలు. ఇప్పటికే సిమెంటు ఉంటే సమ్మెటతో బాదకండి, ఇటుక మొహం ఊడొస్తుంది. తట్టి చూసి, డొల్లగా మోగిన చోటే సన్న ఉలితో తీయండి.