దేశం కంటే ముందే పుట్టిన సంఘం: బ్యూనస్ ఎయిర్స్‌లో ఇటాలియన్లు

అందరికీ నమస్కారం.

ఇటలీ అనే దేశం పుట్టింది 1861 మార్చి 17న. ఆ రోజు టురిన్‌లో రెండో విక్టర్ ఇమ్మానుయేల్‌ని ఇటలీ రాజుగా ప్రకటించారు. కానీ సముద్రం అవతల, అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లో, ‘ఉనియోనె ఎ బెనెవొలెంజా’ అనే ఇటాలియన్ సంఘం 1858లోనే మొదలైంది. దేశం ఇంకా లేదు, దేశస్థుల సంఘం మాత్రం ఉంది! ఈ వీడియో అంతా ఆ విడ్డూరం గురించే.

ఎవరు పెట్టారంటే, 1848, 49ల్లో యూరప్‌లో తిరుగుబాట్లు విఫలమయ్యాక పారిపోయి వచ్చినవాళ్లు, వాళ్లతో కలిసిన పనివాళ్లు, చిన్న వ్యాపారులు. చాలామంది మాజినీ అభిమానులు. ముక్కలుగా ఉన్న రాజ్యాలన్నీ కలిసి ఒక్క ఇటలీ కావాలి, అదీ రాజు లేని రిపబ్లిక్ కావాలన్న మాజినీ అండి. మన లాలా లజపతి రాయ్ ఉర్దూలో జీవిత చరిత్ర రాసింది ఈ మాజినీ గురించే, ఇటలీని ఏకం చెయ్యడానికి పోరాడిన గారిబాల్డీ గురించి కూడా రాశారు. సరే, సంఘం పనేమిటి? సభ్యులు నెలనెలా చందా కడతారు. జబ్బు చేస్తే వైద్యం, పని పోతే సాయం, చనిపోతే గౌరవంగా అంత్యక్రియలు. ప్రభుత్వం ఏమీ ఇవ్వని రోజుల్లో పరాయి ఊళ్లో బతకాలంటే అదే ఆధారం. జాతీయ గీతాలు, జెండాలు ఆ తర్వాతి మాట.

రాజు వచ్చాక ఏమైందో ఊహించండి. రాజు పక్షం వాళ్లు, రిపబ్లిక్ పక్షం వాళ్లు తగువులాడుకుని విడిపోయారు. అమెరికాలో తెలుగు సంఘాల చీలికలు చూసినవాళ్లకు ఇదేమీ కొత్తగా అనిపించదు. రిపబ్లిక్ పక్షం మాత్రం పట్టు వదల్లేదు. 1878లోనే బ్యూనస్ ఎయిర్స్‌లో మాజినీ విగ్రహం నిలబెట్టారు. చెక్కింది జూలియో మోంతెవెర్దె. ఇప్పటికీ ప్లాసా రోమా అనే చోట ఉంది. సొంత దేశంలో మరణశిక్ష పడి, బతుకంతా ప్రవాసంలో గడిపి, చివరికి పిసాలో మారుపేరుతో దాక్కుని 1872లో చనిపోయిన మనిషికి ఆరేళ్లకే ఇక్కడ విగ్రహం!

ఇక గారిబాల్డీ కథ ఇంకా తమాషా. 1834లో ఆయనకూ మరణశిక్ష వేస్తే పారిపోయి దక్షిణ అమెరికా చేరాడు. బ్రెజిల్ దక్షిణ ప్రాంతంలో తిరుగుబాటుదార్ల పక్షాన పోరాడాడు, అక్కడే అనితాని కలిశాడు, 1842లో ఉరుగ్వే రాజధాని మోంతెవిడియోలో పెళ్లి చేసుకున్నాడు. మరుసటి ఏడాది అక్కడి ఇటాలియన్లతో ఓ దళం కట్టాడు. ఆ దళం వేసుకున్నవే ఎర్రచొక్కాలు. బ్యూనస్ ఎయిర్స్ కబేళా పనివాళ్ల కోసం తెప్పించిన గుడ్డలు చవగ్గా దొరికాయని, వాటితోనే మొదలైందని చెప్పుకుంటారు. ఆ ఎర్రచొక్కాలతోనే 1860లో సుమారు వెయ్యి మందితో సిసిలీలో దిగి, దక్షిణ ఇటలీ మొత్తం గెలిచి, రాజు చేతిలో పెట్టాడు.

ఇప్పుడు అసలు తమాషా. గారిబాల్డీ ఉరుగ్వే పక్షాన పోరాడింది ఎవరి మీద? బ్యూనస్ ఎయిర్స్‌ని ఏలుతున్న రోసాస్ మీద. 1842లో కోస్తా బ్రావా దగ్గర అర్జెంటీనా నౌకాదళాధిపతి బ్రౌన్ చేతిలో చిత్తుగా ఓడాడు కూడా. అలాంటివాడికి అదే ఊళ్లో 1904లో గుర్రం మీద కూర్చోబెట్టి విగ్రహం పెట్టారు. ఇటాలియన్లు చందాలు పోగేసి నగరానికి బహుమతిగా ఇచ్చారు. ఆ కూడలి పేరు ప్లాసా ఇతాలియా. మెట్రో దిగితే ఎదురుగా కనిపిస్తుంది.

అసలు ఈ జనం ఎంతమంది? 1914 జనాభా లెక్కల్లో అర్జెంటీనాలో సుమారు 79 లక్షల మంది ఉంటే, ఇటలీలో పుట్టినవాళ్లే 9 లక్షల 30 వేలు. అక్కడే పుట్టిన పిల్లలు ఈ లెక్కలో లేరు.

మరి వీళ్లంతా ఇటాలియన్ మాట్లాడేవాళ్లా? లేదు. టూల్లియో దె మౌరో అనే భాషా శాస్త్రవేత్త లెక్క ప్రకారం 1861లో ఇటాలియన్ వచ్చినవాళ్లు నూటికి ఇద్దరు ముగ్గురే. వేరే పండితులు పది శాతం దాకా చెప్పారు, అయినా తక్కువే కదా. స్వయంగా రాజుగారు మాట్లాడేది టురిన్ ఉన్న పీడ్‌మాంట్ ప్రాంతపు మాట, ఫ్రెంచి. ప్రధాని కవూర్‌కి ఫ్రెంచిలో రాయడమే సుఖం. ఓడెక్కిన రైతు పీడ్‌మాంట్ మాటతో, లేదా వెనీషియన్‌తో, నేపుల్స్ మాటతో ఎక్కాడు. ఒకరి మాట ఒకరికి సరిగా తెలియదు. అర్జెంటీనా వాళ్లకు మాత్రం అందరూ ఒకటే, ‘తానో’. ‘నపొలితానో’లో తోక ముక్క అది. ఉత్తరాది జెనోవా వాణ్ని పట్టుకుని నేపుల్స్ వాడంటే ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు, మనల్ని అందర్నీ ‘మద్రాసీ’ అన్నారుగా.

జెనోవా వాళ్ల పేట లా బోకా, రేవు పక్కనే. బోకా జూనియర్స్ ఫుట్‌బాల్ జట్టు 1905లో అక్కడే పుట్టింది. అభిమానుల్ని ఇప్పటికీ ‘సెనెయిసెస్’ అంటారు, అంటే జెనోవా వాళ్లని. వీళ్ల వంటకం ఫైనా అని ఒకటుంది. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు. పలుచగా కలిపి పెద్ద పళ్లెంలో పోసి ఓవెన్‌లో కాలుస్తారు. దాదాపు మన శనగపిండి అట్టే. కాకపోతే బ్యూనస్ ఎయిర్స్‌లో దాన్ని పిజ్జా ముక్క మీద ఇంకో ముక్కగా పెట్టుకుని తింటారు. ఇటలీలో పిజ్జా మీద ఇలా పెట్టుకోవడం మామూలు కాదు. ప్రతి నెలా 29న బంగాళాదుంపతో చేసే ఞోకీ తినడం, పళ్లెం కింద అదృష్టానికి ఓ నోటు పెట్టడం కూడా ఈ దేశపు అలవాటే.

బడుల దగ్గర మాత్రం గొడవ పెద్దదైంది. సంఘాలు సొంత బడులు పెట్టి పిల్లలకు ఇటాలియన్ చెప్పించాయి. 1881లో సర్మియెంతో, అంటే అప్పటికే అధ్యక్షుడిగా చేసి దిగిన పెద్దమనిషి, పత్రికలో విరుచుకుపడ్డాడు. ఇక్కడ పుట్టిన పిల్లల్ని ఇటాలియన్లుగా పెంచడం ఏమిటని. 1884లో ఉచిత నిర్బంధ విద్యా చట్టం వచ్చింది. ప్రభుత్వ బడి ఉచితం, మరి సంఘం బడి? పిల్లలు స్పానిష్ వైపు వెళ్లిపోయారు. ఇందులో సర్మియెంతోనే గెలిచాడని నా అభిప్రాయం, కాకపోతే పూర్తిగా కాదు. అక్కడి స్పానిష్ వింటే ఆ ఎగుడుదిగుడు రాగం ఇటలీదే. పని చెయ్యడాన్ని ‘లబురార్’ అంటారు, వెళ్లొస్తానంటే ‘చౌ’ అంటారు, రెండూ ఇటాలియన్ నుంచి వచ్చినవే.

పండగలు కూడా మారుతూ వచ్చాయి. మొదట్లో పెద్ద పండగ సెప్టెంబర్ 20. 1870లో ఆ రోజున ఇటలీ సైన్యం రోమ్‌లో ప్రవేశించి పోప్ రాజ్యాన్ని ముగించింది. ‘సెప్టెంబర్ 20’ అనే పేరుతోనే అర్జెంటీనా ఊళ్లలో బోలెడు సంఘాలు వెలిశాయి. చర్చికి ఎంత మండి ఉంటుందో! 1929లో ముస్సోలినీ పోప్‌తో ఒప్పందం చేసుకున్నాక ఇటలీలో ఆ సెలవే ఎత్తేశారు. ఇప్పుడు జూన్ 2, 3 తేదీలు ముఖ్యం. 1946 జూన్ 2న ఇటలీ జనం ఓటేసి రాజుని పంపించేశారు, అంటే మాజినీ మాట చివరికి నెగ్గింది. జూన్ 3న అర్జెంటీనా జెండా రూపొందించిన మాన్యుయెల్ బెల్గ్రానో పుట్టినరోజు. ఆయన తండ్రి జెనోవా ఉన్న లిగూరియా ప్రాంతంలోని ఒనెల్యా నుంచి వచ్చిన వ్యాపారి. అందుకే 1995లో చట్టం చేసి ఆ రోజును ఇటాలియన్ వలసదారుల దినంగా ప్రకటించారు.

1889లో రోమ్‌లో పెట్టిన డాంటే అలిగియేరి సొసైటీ బ్యూనస్ ఎయిర్స్‌లో ఇప్పటికీ ఇటాలియన్ తరగతులు నడుపుతోంది. ఫ్లారెన్స్ వైపు పుట్టిన ఈ ఇటాలియన్ చాలామంది ముత్తాతలకు రాదు. మనవలు నేర్చుకుంటున్నది తాతల మాట కాదు, తాతలకు అందని మాట. నాకైతే ఇందులో తప్పేమీ కనిపించదు.

అసలు టెన్షన్ ఇప్పుడు పాస్‌పోర్టుల దగ్గర. వంశంలో ఎంత వెనక ఇటాలియన్ పూర్వీకుడున్నా పౌరసత్వం వచ్చేది. కాన్సులేట్ అపాయింట్‌మెంట్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసేవారు. 2025లో ఇటలీ చట్టం మార్చి, దాదాపుగా తల్లిదండ్రుల తరం, తాతల తరం వరకే కుదించింది. నిజం చెప్పాలంటే ఇటలీ గడప తొక్కని లక్షల మందికి ఓటు హక్కు ఎందుకన్న రోమ్ ప్రశ్న నాకు సబబుగానే తోస్తుంది. కానీ జూన్ 3 పండగకి ఇటలీలోని ఒక్కో ప్రాంతం వాళ్ల సంఘాలు పెట్టే దుకాణాల్లో నిలబడి వంటలు వడ్డించే నాలుగో తరం వాళ్లకు ఆ మాట వెళ్లి చెప్పమంటే, నేను చెప్పలేను.