నోట్స్ గిట్‌హబ్‌లో పెడితే క్లాసుకు ఎవరొస్తారు? – నల్గొండ స్టూడియో చర్చ

(ప్రసారమైన చర్చకు అక్షర రూపం. అందరూ ఒకేసారి మాట్లాడిన చోట వినిపించినంత వరకే రాశాం.)

యాంకర్: నమస్కారం. ఒక కాంట్రాక్ట్ మేడం తన కెమిస్ట్రీ నోట్స్‌ను గిట్‌హబ్ అనే వెబ్‌సైట్‌లో అందరి కోసం పెట్టారు. కొద్దిరోజులకే అదే నోట్స్ ఇంకొకరి పేరుతో స్పైరల్ బైండింగ్ అయి జిరాక్స్ సెంటర్‌కు వచ్చింది. కాలేజీ పేరు, అవతలివాళ్ల పేరు మనకొద్దు. నేను అడిగేది ఒక్కటే. నోట్స్ ఫోన్‌లోనే దొరికితే పిల్లలు క్లాసుకు ఎందుకొస్తారు?

రిటైర్డ్ ప్రిన్సిపాల్: రారు. రాసిపెట్టుకోండి, రారు. సర్వీసంతా సుద్దముక్కతో గడిపినవాణ్ని, నాకు తెల్వదా?

మేడం: సార్, అసలు నా గొడవ హాజరు గురించి కాదు. నా పేరు తీసేసి...

ప్రిన్సిపాల్: పూర్తి చెయ్యనియ్యమ్మా. ఊళ్లో అందరికీ వడ్డించి, ఎవరో ఎక్కువ తిన్నారంటే ఎట్ల?

కంప్యూటర్స్ లెక్చరర్: ముందు ఇదేంటో చూసేవాళ్లకు చెప్పాలి. గిట్ అంటే ఫైళ్లలో మార్పుల లెక్క ఉంచే సాఫ్ట్‌వేర్. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2005లో ఆ లినక్స్ కోడ్ కోసం తయారు చేసింది. గిట్‌హబ్ ఆ గిట్ ఫైళ్లను పెట్టుకోవడానికి 2008లో వచ్చిన వెబ్‌సైట్. ఎవరు, ఎప్పుడు, ఏ లైన్ మార్చారో చరిత్ర మొత్తం ఉంటుంది. నల్గొండలో మహాత్మాగాంధీ వర్సిటీ ఉంది, మహబూబ్‌నగర్‌లో పాలమూరు వర్సిటీ ఉంది. అక్కడా ఇక్కడా ఒకే పాఠం చెప్పేవాళ్లు ఎంతమంది ఉంటారు? ఎవరికి వాళ్లు మొదటి నుంచి టైప్ చేసుకోవడం దేనికి?

యాంకర్: బాగుంది. కానీ అటెండెన్స్?

మేడం: ఒక ఉదాహరణ చెప్తాను. నీటి నాణ్యత పాఠం. చేతులు మారుతూ వచ్చిన నోట్స్‌లో ‘ఫ్లోరైడ్ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు’ అని ఒక్క ముక్కలో ఉండేది. మహబూబ్‌నగర్ నుంచి ఒకావిడ సవరణ పంపారు. స్క్రీన్ మీద పాత లైన్ ఎర్రగా, కింద కొత్త లైన్ పచ్చగా కనబడింది. ‘ఆమోదయోగ్యమైన పరిమితి 1.0. వేరే నీళ్లు దొరకనప్పుడే 1.5 వరకు.’ పక్కన కారణం కూడా రాశారు, ఐఎస్ 10500 అనే మన దేశ తాగునీటి ప్రమాణమని. నేను చూసి ఒప్పుకున్నాకే అది పాఠంలో కలిసింది. ఆ సవరణ కింద ఆమె పేరు ఇప్పటికీ ఉంది.

ప్రిన్సిపాల్: ఫ్లోరైడ్ గురించి నల్గొండలో కూర్చొని నాకు చెప్తున్నారా! ఈ జిల్లా పేరు మీద ‘నల్గొండ టెక్నిక్’ అని ప్రపంచమంతా చదువుతుంది. నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి నీరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు రూపొందించింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్. నేను బకెట్లో కలిపి చూపించేవాణ్ని. తెల్లటి మడ్డి కట్టి మెల్లగా అడుక్కు దిగుతుంది. పిల్లలు కళ్లారా చూడాలి. అది మీ గిట్‌లో దిగుతదా?

(నవ్వులు. ఇక్కడి నుంచి పటిక మోతాదు, సున్నం నాణ్యత, బోరు నీళ్ల మీద చాలాసేపు మాట్లాడారు. ఆ భాగం వదిలేశాం.)

యాంకర్: అంటే క్లాసుకు రావాల్సిందే అంటారు!

లెక్చరర్: ఎవరు వద్దన్నారండీ? అమెరికాలో మసాచుసెట్స్‌లోని ఎంఐటీ వర్సిటీ తన పాఠాలు ఉచితంగా పెడతామని 2001లోనే ప్రకటించింది. మన ఐఐటీలు 2003లో ఎన్‌పీటెల్ పేరుతో ఉచిత ఆన్‌లైన్ పాఠాలు మొదలుపెట్టాయి. ఆ క్లాసులేమైనా ఖాళీ అయ్యాయా?

ప్రిన్సిపాల్: ఐఐటీ పిల్లలు వేరు, దేవరకొండ నుంచి బస్సెక్కి వచ్చే పిల్లలు వేరు.

మేడం: బస్సు తప్పిపోయిన పిల్లలకే సార్ ఈ నోట్స్ ఎక్కువ అవసరం.

(ఈ మాట మీద చర్చ జరగాల్సింది. జరగలేదు.)

ప్రిన్సిపాల్: ఇంకోటి. నోట్స్ నీదని ఎవరన్నారు? 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ చూడండి. ఉద్యోగంలో భాగంగా రాసింది యజమానికే చెందుతుంది.

లెక్చరర్: వేరే ఒప్పందం లేకపోతేనే సార్. ఆ ముక్క కూడా చదవాలి.

మేడం: గంటల లెక్కన డబ్బులిస్తారు. రాత్రి ఇంట్లో కూర్చొని రాసుకున్నది కూడా కాలేజీదేనా?

ప్రిన్సిపాల్: చట్టం చట్టమే!

లెక్చరర్: మేడం, మీరు లైసెన్స్ పెట్టారా? పెట్టకపోతే చూడొచ్చు గానీ వాడుకునే హక్కు రాదు.

మేడం: క్రియేటివ్ కామన్స్ అని అందరూ వాడుకోనిచ్చే లైసెన్సులుంటాయి, వాటిలో సీసీ బై పెట్టాను. మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. పేరు మాత్రం ఉంచాలి. నేను డబ్బు అడగట్లేదు.

యాంకర్: మీదేనని రుజువేంటి?

మేడం: చరిత్ర ఉంది కదా, తేదీలతో సహా.

లెక్చరర్: నిజం చెప్పాలంటే, గిట్‌లో పేరు, తేదీ మనం ఏది పెడితే అదే పడుతుంది...

ప్రిన్సిపాల్: ఆఁ! విన్నారా? దొంగ తేదీలు వేసుకోవచ్చట!

లెక్చరర్: పూర్తిగా వినండి సార్. గిట్‌హబ్ సర్వర్‌కు ఎప్పుడు చేరిందో...

ప్రిన్సిపాల్: వేసుకోవచ్చన్నారు. అయిపోయింది.

(ముగ్గురూ ఒకేసారి.)

ప్రిన్సిపాల్: నా తెలుగు మీడియం నోట్స్ పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో, పాత అను తెలుగు ఫాంట్లలో ఉంది. ఎక్కించండి చూద్దాం.

లెక్చరర్: ఎక్కుతుంది గానీ మార్పులు కనబడవు. వర్డ్ ఫైలుదీ అదే తంతు. ఫైల్ మారిందని చెప్తుంది, ఏ లైన్ మారిందో చూపించదు. ఏ ఫోన్‌లోనైనా చదవగలిగే యూనికోడ్ అక్షరాల్లో, మామూలు టెక్స్ట్‌గా మార్చుకోవాలి.

ప్రిన్సిపాల్: అంటే మాలాంటివాళ్లు పనికిరారనా?

లెక్చరర్: నేను అలా అనలేదు...

యాంకర్: ఫాంట్ల మీద వేరే కార్యక్రమం పెట్టుకుందాం. మేడం, ఒక్క మాటలో, అటెండెన్స్ తగ్గుతుందా తగ్గదా?

మేడం: మీరు అదే అడుగుతున్నారు. నా పేరు చింపేసిన సంగతి ఎవరూ మాట్లాడరేం?

ప్రిన్సిపాల్: పెద్దవాళ్లను అడిగి పెట్టుంటే ఇదంతా జరిగేదే కాదు.

మేడం: ఎవర్ని అడగాలి సార్? ఆ బైండింగ్ మీద పేరున్నాయన్నా?

యాంకర్: సమయం అయిపోయింది. ప్రిన్సిపాల్ గారు చెప్పినట్టు, టెక్నాలజీ ఎంత వచ్చినా క్లాస్‌రూమ్...

మేడం: ఆయన చెప్పింది కాదు, నేను అడిగింది...

యాంకర్: సారీ మేడం, వార్తల టైమ్.